బల్ల చప్పుడు

జయనగర, బెంగళూరు

అబ్బాయిలూ, ఆ కీబోర్డు వాయించే అమ్మాయీ,

పోయిన ఆదివారం మన క్లబ్‌హౌసులో మీరు తీసిన ఆరు నిమిషాల ఫైటు సినిమా చూపించి, లైట్లు వేశాక నా వైపు తిరిగి "మ్యూజిక్ ఎలా ఉంది అంకుల్?" అని అడిగారు. "బాగుంది" అన్నాను. పెరుగన్నానికి వేళయిందని వంక పెట్టి లేచి వచ్చేశాను. డెబ్బై దాటినవాడు పెరుగన్నం పేరెత్తితే ఎవరూ ఆపరు. ఆ "బాగుంది" సగమే నిజం. మిగతా సగం ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు, మీ నలుగురి కళ్లూ నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. అందుకని రాస్తున్నాను. పగలు కంప్యూటరు ముందు కోడు రాసి, రాత్రి అదే కంప్యూటరు మీద వయొలిన్లూ ట్రంపెట్లూ పేర్చుకునే మీలాంటి పిల్లలు మారతహళ్లిలో, వైట్‌ఫీల్డులో, ఇంకా మన హైదరాబాదులో చాలామంది ఉన్నారట. ఈ ఉత్తరం వాళ్ల చేతికి వెళ్లినా నాకు సంతోషమే.

ముందుగా నా చెవి సంగతి చెప్పాలి. ఇంజన్లు తయారయ్యే చోట, వాటిని పరీక్షించే షెడ్డులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఎడమ చెవికి పిచ్చుక కూత అందదు. కాబట్టి నా తీర్పులోంచి రూపాయికి పావలా మీరే తీసేసుకోండి. కానీ శబ్దం ఎంతకి పెరిగితే మనిషి వినడం మానేస్తాడో ఆ షెడ్డే నాకు నేర్పింది. ఇంజను పూర్తి వేగం అందుకున్నాక అక్కడ నిలబడ్డవాడికి అది వినపడదు, ఎముకలకి తగులుతుంది. లోపల ఏ బేరింగో పాడై గొంతు మార్చినా చెవి పట్టుకోలేదు, మీటరు చూసి తెలుసుకోవాల్సిందే. మీ సినిమా మూడో నిమిషం దగ్గర నేను మీటరు కోసం వెతుక్కున్నాను.

మీ హీరో బేస్‌మెంటు పార్కింగులోకి దిగుతాడు. మొదటి మెట్టు మీద వయొలిన్లు గుర్రాల్లా పరుగెత్తడం మొదలుపెట్టాయి. మూడో మెట్టుకి ఇత్తడి వాద్యాలన్నీ లేచాయి. అయిదో మెట్టుకి అరవై మంది కోరసు ఏదో సంస్కృతం లాంటి భాషలో ప్రళయం వచ్చేసిందని అరిచారు. అప్పటికి ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అతను బండి తాళంచెవి కోసం జేబు తడుముకుంటున్నాడు. తరవాత నిజంగానే నలుగురు రౌడీలు వచ్చి మీద పడ్డప్పుడు మీ దగ్గర పెంచడానికి ఏమీ మిగల్లేదు. వాల్యూము తప్ప.

మా కాలంలో ఆర్కెస్ట్రా అంటే ఏమిటో మీకు తెలుసో తెలీదో. లండన్‌లో నల్లకోట్లు వేసుకుని కూర్చునేది కాదు. వినాయక చవితి పందిట్లో తొమ్మిది గంటలకి మొదలుపెడతామని చెప్పి పదిన్నరకి మొదలుపెట్టేది. హిందూపురం నుంచి 1975లో ఈ ఊరొచ్చాను. ఆ తరవాత ఇరవై ఏళ్లకు పైగా, శ్రీరాంపురం నుంచి కె.ఆర్.పురం దాకా అలాంటి పందిళ్లలో వయొలిన్ వాయించాను. ఒక తబలా, ఒక కాంగో, ఒక గిటారు, ఒక కేసియో కీబోర్డు, నేను. తెలుగు పాటకి కన్నడం వాళ్లూ కన్నడం పాటకి తమిళులూ ఈలలు వేసేవాళ్లు. మద్రాసు స్టూడియోలో యాభై మంది వాయించినదాన్ని మేం అయిదుగురం వాయించాలి. దేన్ని ఉంచుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి? అదే మా చదువు. వదిలెయ్యగా వదిలెయ్యగా చివరికి నాలుగు తీగల మీద ఏది మిగులుతుందో అదే ఆ సంగీతానికి ప్రాణమని నాకు అప్పట్లో గట్టి నమ్మకం. ఇప్పుడు ఆ నమ్మకం కొంచెం సడలింది. ఎందుకు సడలిందో కూడా చెప్తాను.

అంతకంటే ముందు ఇంకొకటి విన్నాను. మా ఉమ్మడి అనంతపురం జిల్లా తోలుబొమ్మలాట. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువగా దీపపు తొడుగులూ గోడకి తగిలించుకునే బొమ్మలూ చేస్తున్నారు, అది వేరే దుఃఖం. ఆటకి ఒక హార్మోనియం, ఒక మద్దెల, తాళాలు ఉండేవి. తెర వెనక, ఆడించేవాళ్ల కాళ్ల కింద ఒకదాని మీద ఒకటి చెక్క బల్లలు. యుద్ధం వచ్చినప్పుడు ఆ బల్లల్ని కాలితో తొక్కేవాళ్లు. టపటపటపా అని ఆ చప్పుడు ఊరి అవతలి గట్టు దాకా వినిపించేది. మీ సాఫ్టువేరులో ఉన్న జపాను డప్పుల కంటే దానికే బరువెక్కువని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ ఒక్కటి గమనించండి. రాత్రి పదింటికి మొదలైన ఆటలో బల్ల చప్పుడు మాకు వినిపించేది ఎప్పుడో మూడో ఝామున. సీత ఏడుస్తున్నంతసేపూ, హనుమంతుడు వెతుకుతున్నంతసేపూ, హాస్యపు బొమ్మలు బంగారక్కా కేతిగాడూ బూతులాడుకుంటున్నంతసేపూ బల్లలు నోరెత్తేవి కావు. సగం మంది పిల్లలం నిద్రపోయేవాళ్లం. ఇంద్రజిత్తు వచ్చాడని లేపింది ఎవరో కాదు, ఆ బల్లలే.

ఇప్పుడు "బాహుబలి" దగ్గరికి వద్దాం. మీరంతా దాన్ని చూసే ఈ పనిలోకి దిగామని చెప్పారు కదా. మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. ఆ రెండోది మన ఊళ్లో అసలు ఆడుతుందా అని చివరిదాకా అనుమానమే. అందులో నటించిన సత్యరాజ్ కావేరి నీళ్ల విషయంలో ఎప్పుడో అన్న మాటల మీద గొడవ లేచి, ఆయన క్షమాపణ చెప్పాక గానీ సర్దుమణగలేదు. నేను మూడో రోజు చూశాను, పక్క సీట్లో ఇద్దరు కన్నడం కుర్రాళ్లు నాకంటే ముందే డైలాగులు చెప్పేస్తున్నారు.

కీరవాణి చేసిన ఆ నేపథ్య సంగీతంలో బలం ఎక్కడుందంటే, పెద్ద వాద్యబృందాన్ని ఆయన జనంలా వాడుకున్నాడు. రెండో భాగంలో భల్లాలదేవుడి పట్టాభిషేకం గుర్తు చేసుకోండి. కిరీటం అతనికి పెట్టినప్పుడు సంగీతం మర్యాదగా, కొలిచినట్టు నడుస్తుంది. అమరేంద్ర బాహుబలి సేనానిగా ప్రమాణం చెయ్యగానే జనం పొంగుతారు, నేల అదురుతుంది, సింహాసనం మీద గొడుగు కదులుతుంది. అక్కడ ఏది డప్పో, ఏది కోరసో, ఏది జనం అరుపో విడదీయలేం. విడదీయనక్కర్లేదు కూడా, ఎందుకంటే కథే అది. రాజ్యం ఒకడిది, జనం ఇంకొకడి వాళ్లు. ఆ మాట చెప్పడానికి నిజంగా వందమంది కావాలి. అయిదుగురితో చెప్తే నవ్వొస్తుంది. మొదటి భాగంలో భల్లాలదేవుడి బంగారు విగ్రహం లేపే చోట ఇదే పని ఇంకా తెలివిగా చేశారు. తాళ్లు పట్టు తప్పి విగ్రహం ఒరిగిపోతుంటే హీరో శివుడు వచ్చి పట్టుకుంటాడు, అతని ముఖం చూసిన ముసలివాళ్ల నోట బాహుబలి అనే పేరు మెల్లగా పుడుతుంది. నోటి నుంచి నోటికి పాకుతుంది. అక్కడ సంగీతం ఆ గొణుగుడే. వాద్యాలు దానికి దారి వదిలి నిలబడ్డాయి. ఇంత బృందం చేతిలో పెట్టుకుని దారి వదలడం తేలికైన పని కాదు పిల్లలూ.

ఇంకో బలం మీలాంటివాళ్లు పాఠంగా చదువుకోవలసింది. కీరవాణి అనేది ఆయన పేరే కాదు, మన 21వ మేళకర్త రాగం పేరు కూడా. స్వరాలు వరుసగా తీసుకుంటే అది పడమటివాళ్లు హార్మోనిక్ మైనర్ అని పిలిచే స్కేలే. స్వరస్థానాలు ఒకటే, కానీ నడక పూర్తిగా వేరు. మన స్వరం ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. వాళ్ల కార్డ్, అంటే స్వరాల గుత్తి, నిలబడాలంటే ప్రతి స్వరమూ కదలకుండా నిలబడాలి. ఇరవై మంది వయొలిన్ల వాళ్ల ముందు నొటేషను పెట్టి గమకం వెయ్యమంటే ఇరవై రకాలుగా వేస్తారు, వినడానికి జాతరలా ఉంటుంది. అందుకని పెద్ద బృందంతో రాసేవాడు ఎక్కడో ఒకచోట రాజీ పడాలి. శివలింగాన్ని భుజాన వేసుకుని జలపాతం దగ్గరికి మోసుకెళ్లే "శివుని ఆన" దగ్గర ఆ రాజీ ఎంత బాగా కుదిరిందో వినండి. ఊగే పని గొంతుకిచ్చి, నిలబడే పని వాద్యాలకిచ్చారు. అడుగు బరువే తాళం. చుట్టూ ఉన్నది ఎంత తీసేసినా ఆ పాట నా వయొలిన్ మీద నిలుస్తుంది. నిలిచింది కూడా, మా వీధి వినాయకుడి దగ్గర 2015లోనే వాయించాను. నిజానికి నేను పందిరి ఎక్కింది అదే ఆఖరుసారి.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి నచ్చనిది కూడా చెప్పే హక్కు వచ్చిందనుకుంటాను. కాలకేయులతో యుద్ధం. అది చాలా పొడుగు. వ్యూహం మొదటిసారి విచ్చుకున్నప్పుడు డప్పులూ కోరసూ కలిసి నన్ను కుర్చీ అంచుకి లాగాయి. రెండోసారి కూడా లాగాయి. ఆ తరవాత అదే బరువు, అదే ఎత్తు, అదే కోరసు వస్తూనే ఉంటే నేను మెల్లగా వెనక్కి వాలాను. గెలుపు ఎప్పుడొచ్చిందో కళ్లు చెప్పాయి గానీ చెవి చెప్పలేదు. మీకిది నచ్చకపోవచ్చు. మా మనవడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ కోరసు జబ్బు కీరవాణిగారితో పుట్టింది కాదు. 1935-36లో కార్ల్ ఓర్ఫ్ అనే జర్మను ఆయన "కార్మినా బురానా" అని ఒకటి రాశాడు. దాని మొదట్లో వచ్చే కోరసుకి ప్రపంచంలోని సినిమావాళ్లందరూ మనవలే. అర్థం తెలియని పాతభాషలో వందమంది అరిస్తే ఏదో విధి ముంచుకొస్తున్నట్టు ఉంటుంది. నిజమే, ముంచుకొచ్చినప్పుడు ఉంటుంది. తాళంచెవి వెతుక్కునేవాడికి విధి ఎందుకు?

పాత్రకో స్వర గుర్తు పెట్టడం వాగ్నర్ ప్రసిద్ధి చేశాడనీ, 1977లో "స్టార్ వార్స్" కోసం లండన్ సింఫనీ వాళ్లతో జాన్ విలియమ్స్ దాన్ని మళ్లీ నిలబెట్టాడనీ మీలో ఒకరు నాకు వివరంగా చెప్పారు. శ్రద్ధగా విన్నాను. మన కూచిపూడి వాళ్ల ప్రవేశ దరువు ఎప్పుడైనా విన్నారా? సత్యభామ తెర వెనక నుంచి జడ వేసి, ఇంకా ముఖం చూపించకుండానే ఆమె ఎవరో, ఎంత పొగరో దరువు చెప్పేస్తుంది. ఒక్క దరువు, ఒక్క మనిషికి. మీ సినిమాలో హీరోకీ రౌడీలకీ సెక్యూరిటీ గార్డుకీ ఒకటే సంగీతం. ఆ గార్డు పాపం ఏం చేశాడు?

ఇప్పుడు నా నమ్మకం ఎక్కడ సడలిందో చెప్తానన్నాను. "కె.జి.ఎఫ్." దగ్గర. మొదటి భాగం 2018 డిసెంబరు 21న వచ్చింది, కన్నడంలోనే చూశాను. రవి బస్రూరు సంగీతం. ఆయన పేరులోనే ఊరుంది. కుందాపుర పక్కన బస్రూరు, రాత్రంతా చెండె మోగే యక్షగాన సీమ. ఇంటికొచ్చి అలవాటుగా వయొలిన్ తీశాను. తల్లి పాట తప్ప ఏమీ చేతికి రాలేదు. మళ్లీ వెళ్లి చూశాను. అప్పుడు అర్థమైంది, అందులో బలం రాగంలో లేదు, మోతలో ఉంది. ఇనుము మీద ఇనుము, జనం గొంతులు, గుండె కొట్టుకున్నట్టు కిందనుంచి వచ్చే దెబ్బ. తీసేస్తూ పోతే ఏమీ మిగలదు, ఎందుకంటే అది పేర్చడం వల్ల పుట్టిన సంగీతం. బల్ల చప్పుడుకి మాత్రం రాగం ఉందా? నా నాలుగు తీగల పరీక్షలో అది తప్పితే తప్పు పరీక్షదే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

అయినా దానితో నాకో పేచీ ఉంది, అది కొంచెం సొంతం. మా మేనమామ కోలారు గనుల్లో పనిచేశాడు, చాంపియన్ రీఫ్‌లో. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది. తమిళులూ తెలుగువాళ్లూ కలిసి దిగేవాళ్లు. 2001లో గనులు మూసేశారు, ఆయన అంతకు ముందే పోయాడు. వేసవి సెలవలకి వెళ్తే కథలు చెప్పేవాడు. అంత లోతులో పైనున్న బరువుకి రాయి ఉన్నట్టుండి పేలినట్టు పగులుతుంది, దాన్ని వాళ్లు రాక్ బరస్ట్ అనేవాళ్లు. ఆయన భయపడింది ఆ పేలుడు శబ్దానికి కాదట. "రాయి చిటచిటమంటా ఉంటే పర్వాలేదురా, మాట్లాడతా ఉందని అర్థం. అది మాట్లాడ్డం ఆపితేనే మేము చేతిలో పని ఆపేస్తాము" అనేవాడు. ఆ సినిమా మొత్తంలో నాకు ఆ మాట్లాడ్డం ఆపిన క్షణం దొరకలేదు. రెండో భాగం 2022లో వచ్చింది. అందులో నేను వెతకలేదు, ఇంటర్వెల్‌కే చెవిలో దూది పెట్టుకున్నాను. ఆ మరుసటి ఏడాది "సలార్" వచ్చింది, అదే దర్శకుడు, అదే సంగీత దర్శకుడు. మా ఆవిడ రానంది. ఒంటరిగా దూదితో వెళ్లాను. ఎవరేమన్నా ఆ మోతకి నేను అలవాటు పడ్డానని ఒప్పుకోవాలి.

దూది అన్నాను కాబట్టి థియేటరు సంగతి ఒకటి. సౌండు ప్రాసెసరు మీద ఒక అంకె ఉంటుంది. దాన్ని 7 దగ్గర పెడితే మిక్సింగు చేసినవాడు తన గదిలో విన్నంత గట్టిగా హాల్లో వినిపించాలని ఏర్పాటు. జనం చెవులు మూసుకుంటే మేనేజరు దాన్ని అయిదుకో నాలుగున్నరకో దించుతాడు. వీళ్లు దించుతారని తెలిసి ఆ తరవాతి సినిమావాడు ఇంకాస్త గట్టిగా కలుపుతాడు. దించితే మ్యూజిక్కుతో పాటు మాటలూ దిగిపోతాయి. మెల్లగా మాట్లాడిన తల్లి మాట ఎవరికీ వినపడదు, ఫైటు మాత్రం వినిపిస్తుంది. ఈ పందెంలో గెలిచినవాడు ఇప్పటిదాకా లేడు. మీరు క్లబ్‌హౌసు స్పీకర్ని నిండా పెంచారు గనక చెప్తున్నాను.

గోల అంటే గుర్తొచ్చింది, మీరు రోజూ బండి మీద వెళ్లే జె.సి. రోడ్డుంది కదా, కారు అద్దాలూ హారన్లూ అమ్మే రోడ్డు. దేశంలో అంత గోల రోడ్డు ఇంకోటి ఉండదు. జె.సి. అంటే జయచామరాజేంద్ర. మైసూరు ఆఖరి మహారాజు. మనం ఉంటున్న ఈ జయనగరకీ ఆయన పేరేనంటారు. ఆయన పియానో వాయించేవాడు, శ్రీవిద్య ముద్రతో తొంభై పైచిలుకు కృతులు కూడా కట్టాడు. మెట్నర్ అనే రష్యను స్వరకర్త లండన్‌లో ముసలితనంలో ఎవరికీ పట్టకుండా ఉంటే ఆయన సంగీతం రికార్డు చేయించడానికి ఇక్కణ్నించి డబ్బు పంపాడు. మెట్నర్ తన మూడో పియానో కన్‌చెర్టోని ఆయనకే అంకితమిచ్చాడు. 1948లో లండన్ ఫిల్‌హార్మోనియా కన్సర్ట్ సొసైటీకి మొదటి అధ్యక్షుడు కూడా ఈయనే.

1950 మే 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రిహార్డ్ స్ట్రాస్ ఆఖరి నాలుగు పాటలు మొదటిసారి వినిపించారు. కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ పాడింది, ఫుర్ట్‌వెంగ్లర్ ఫిల్‌హార్మోనియా బృందాన్ని నడిపాడు. స్ట్రాస్ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ కచేరీ ఖర్చుకి పూచీ పడ్డది మన మహారాజు. జీవితమంతా అందరికంటే పెద్ద వాద్యబృందాల్ని గర్జింపజేసినవాడు స్ట్రాస్. ఎనభై నాలుగేళ్ల వయసులో, అంత బృందాన్నీ ముందు కూర్చోబెట్టుకుని, వాళ్ల చేత దాదాపు గుసగుసలాడించాడు. ఆఖర్లో రెండు ఫ్లూట్లు భరత పక్షుల్లా కిచకిచలాడతాయి, అంతే. నా ఎడమ చెవికి అవి అందవు, కుడి చెవి స్పీకరుకి ఆనించి వింటాను.

అదే హాల్లో 2019 అక్టోబరు 19న "బాహుబలి" మొదటి భాగాన్ని తెర మీద ఆడిస్తూ, కింద లుడ్విగ్ విక్కి నడుపుతుండగా రాయల్ ఫిల్‌హార్మోనిక్ కచేరీ బృందం మొత్తం సంగీతాన్ని ఎదురుగా కూర్చుని వాయించింది. 2025 మే నెలలో "ఆర్.ఆర్.ఆర్."కీ అలాగే చేశారు. పందిట్లో యాభై మంది సంగీతాన్ని అయిదుగురం వాయించిన నాకు ఆ వార్త చదివినప్పుడు వెన్ను జలదరించిందంటే అతిశయోక్తి కాదు. నొటేషను చూసి వాయించే తెల్లవాళ్ల వేళ్ల కింద మన మాహిష్మతి! అయితే అక్కడే ఇంకోటి కూడా తట్టింది. ఎదురుగా మనుషులు వాయిస్తే ఊపిరి కనిపిస్తుంది. ట్రంపెట్ వాడు గంటసేపు ఆపకుండా ఊదలేడు, పెదవి తట్టుకోదు. రాసేవాడు వాడికి విశ్రాంతి రాయాలి. ఆ విశ్రాంతే వినేవాడికీ దక్కుతుంది. మీ కంప్యూటర్లో ఉన్న ట్రంపెట్ వాడికి పెదవి లేదు. ఆరు నిమిషాలు ఊదమంటే ఊదాడు. మీ సంగీతంలో నన్ను అలిసిపోయేలా చేసింది గట్టిదనం కంటే ఇదేననుకుంటున్నాను. అది ఊపిరి తీసుకోలేదు, నన్నూ తీసుకోనివ్వలేదు.

బిరుదుల గురించి ఒక్క మాట. "ఆర్.ఆర్.ఆర్."లోని "నాటు నాటు"కి ఆస్కారు వచ్చిన రాత్రి మన అపార్టుమెంటులో టపాకాయలు కాల్చారు. అది పాటకి వచ్చింది. అదే సినిమాలో నేపథ్య సంగీతానికి కీరవాణికి జాతీయ అవార్డు ఇచ్చినట్టు ప్రకటించిన రోజు మాత్రం ఒక్క కాకరపువ్వొత్తి కూడా వెలగలేదు. దేశంలో ఆ అవార్డుని పాటల నుంచి వేరు చేసి ఏటా ఇవ్వడం 2009 సినిమాల నుంచి మొదలైంది, ఆ ఏడు "పళశిరాజా"కి ఇళయరాజా తీసుకున్నారు. మనకి పాట పాడుకోవడానికి కావాలి, నేపథ్యం ఎవరి నోటికీ రాదు. మీరు ఎంచుకున్న పని అలాంటిది. ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పి పెట్టుకోండి.

ఇక మీ సినిమా. సినిమా మొదలవక ముందు, వైరు సరిగ్గా గుచ్చుకుందో లేదో చూడ్డానికి ఆ అమ్మాయి కీబోర్డు మీద అయిదు స్వరాలు వాయించింది. మీరెవరూ పట్టించుకోలేదు, ఒకరు ప్రొజెక్టరుతో కుస్తీ పడుతున్నారు, ఇద్దరు సమోసాల దగ్గర ఉన్నారు. నాకు పట్టింది. కిందికి దిగి, మళ్లీ ఎక్కబోయి, ఎక్కకుండా ఆగిపోయింది. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాక (నిజంగానే తిన్నాను) వయొలిన్ తీసి వాయించాను. మూడోసారి వాయిస్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరు పోయారు సినిమాలో?" అని అడిగింది.

మర్నాడు లిఫ్టులో కనిపిస్తే ఆ అమ్మాయినే అడిగాను. అది మీ హీరో అన్నయ్య కోసం కట్టిన వరసట, అసలు ఆ గొడవంతా ఆ అన్నయ్య కోసమేనట, సినిమాలో మూడో నిమిషంలో ఉందట. మీరు పంపిన లింకు పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. ఉంది. నలభై ట్రాకుల కింద, గనిలో ఉన్నట్టు ఉంది.

నా మాట వింటే ఒక పని చెయ్యండి. మీ హీరో మెట్లు దిగుతున్నప్పుడు మొత్తం తీసెయ్యండి. పార్కింగులో ట్యూబులైటు ఒకటి జుయ్యిమంటోంది, మీరే రికార్డు చేశారు, మీకే గుర్తు లేదు. అది ఉండనివ్వండి. తాళంచెవి దొరికినప్పుడు ఆ అయిదు స్వరాలు, ఒక్క వయొలినో ఒక్క సెల్లోనో, తడబడుతున్నట్టు. షటరు కింద పడి రౌడీలు కనిపించాక మీ దగ్గర ఉన్నదంతా తెచ్చుకోండి, డప్పులు, ఇత్తడి, కావాలంటే ఆ కోరసు కూడా. అప్పుడు నేనేమీ అనను. నాలుగో నిమిషంలో చిన్న రౌడీ భయపడి వెనక్కి తగ్గే చోట ఒక్క క్షణం అంతా ఆపి చూడండి. అతని చెప్పు జారిన చప్పుడు వినపడాలి. మా మేనమామ రాయి గురించి చెప్పింది అదేనేమో.

గార్డుకి ఏదైనా ఇవ్వండి. తాళాల చప్పుడు చాలు.

ఆదివారం సాయంత్రం పెన్‌డ్రైవు పట్టుకుని మా ఇంటికి రండి. ఈసారి స్పీకరు వద్దు, హెడ్‌ఫోను చాలు, నాకు కుడివైపు ఇవ్వండి. వయొలిన్‌కి ఇ తీగ మార్చాను. బాల్కనీలో పాత మంచం బల్లలు రెండు ఉన్నాయి, టేకువి, నిమ్మలకుంట వాళ్లవి అంత పాతవి కావు గానీ తొక్కితే పలుకుతాయి. కింది ఫ్లాటువాళ్లు సోమవారం దాకా ఊళ్లో ఉండరట. మైకు ఎలాగూ మీ దగ్గర ఉంది కదా.

ఇట్లు,
రెండో అంతస్తు అంకుల్